పై వాటా

చాలాకాలానికి మళ్ళీ ఇక్కడ వ్రాస్తున్నాను. నా టపాలంటే పద్యాలు, సమాసాలు, పాత మాటల పుట్టుపూర్వోత్తరాలు అని అలవాటు పడిన మిత్రులు ఈసారికి మన్నించాలి. ఇది మా ఇంటి సంగతి. వ్రాయాలా, మానాలా అని మూడు నెలలు తటపటాయించాను. చివరికి అమ్మాయినే అడిగాను. "వ్రాయండి మావయ్యా, పేర్లు మాత్రం వేయకండి" అన్నది. కనుక ఇందులో పేర్లుండవు, వరుసలే ఉంటాయి. జరిగినదంతా కూడా ఒక వరుస గురించే.

మా ఇల్లు యాకుత్‌పురా రైలుస్టేషనుకు కాస్త ఎడంగా, ఒక ఇరుకు గల్లీలో ఉన్నది. మా నాన్నగారు కట్టించినది. కింద మూడు గదులు. పైన ఒక గది, చిన్న వంటిల్లు, ముందు ఆరుబయలు. దాన్ని ఈ ఊరి అలవాటు చొప్పున 'పై వాటా' అంటాము. గల్లీలో మావి నాలుగైదు తెలుగు ఇళ్ళు. తక్కినవన్నీ ముస్లిముల ఇళ్ళు. నేను పుట్టింది, పెరిగింది, పండిత శిక్షణ పూర్తి చేసి ఉద్యోగంలో చేరింది, రిటైరయింది అన్నీ ఈ గుమ్మంలో నుంచే. ఇక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవారు లేరు. పిల్లలకూ పెద్దలకూ 'మాస్టర్ సాబ్'నే. ఆ పిలుపు మీద నాకు మమకారమెక్కువ. దానికి మచ్చ రాకూడదన్న భయం అంతకంటే ఎక్కువ. ఈ భయమే తక్కిన కథకంతటికీ మూలం.

2022 మే నెలలో మా అబ్బాయి ఆ అమ్మాయి సంగతి చెప్పాడు. ఆమెకు అంతకుముందే పెళ్ళయింది. కాపురం ఏడాదిన్నరకు మించి సాగలేదు. విడాకుల వ్యాజ్యం నడుస్తున్నది, అవతలి పక్షం ఒప్పుకోవటం లేదు. అది తేలేదాకా వీళ్ళు పెళ్ళి చేసుకోవటానికి వీలు లేదు. ఒక పెళ్ళి నిలిచి ఉండగా చేసుకున్న మరొక పెళ్ళి 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం చెల్లనే చెల్లదు. అందుకని ఇద్దరూ మణికొండ వైపు ఇల్లు చూసుకోబోయారు. వెళ్ళిన ప్రతిచోటా మొదటి ప్రశ్న "పెళ్ళయిందా?" అనే. అబద్ధమాడటం ఆ అమ్మాయికి చేతకాలేదు. ఈ మాట విని మా ఆవిడ, "మన పై వాటా ఖాళీగానే ఉంది కదా" అన్నది. అంత సులువుగా అన్నది. నేను వారం రోజులు ఆలోచించి ఒక షరతు మీద ఒప్పుకున్నాను. లోకానికి ఆమె మా ఇంట్లో అద్దెకున్న అమ్మాయి.

షరతు నోటి మాటగా ఉంచితే సరిపోయేది. నేను దాన్ని కాగితం మీద పెట్టాను. నూరు రూపాయల స్టాంపు కాగితం మీద కిరాయి ఒప్పందం వ్రాయించాను. యజమాని నేను, కిరాయిదారు ఆమె, నెలకు ఆరువేలు, గడువు పదకొండు నెలలు. ఊరంతా పదకొండు నెలలకే వ్రాసుకుంటుంది. సాక్షులుగా ఇద్దరు సంతకాలు చేశారు. ఒకరు మా బావమరిది, రెండవవాడు మా అబ్బాయి. తనతో కాపురం చేయబోయే మనిషి తన ఇంట్లో కిరాయిదారు మాత్రమేనని మా వాడి చేత నేనే సాక్ష్యం పెట్టించాను. వాడు ఒక్క మాట అనకుండా సంతకం చేశాడు. ఆ ఒప్పందాన్ని 2023 మేలో ఒకసారి, 2024 ఏప్రిల్‌లో ఒకసారి తిరగ వ్రాయించాను కూడాను.

అమ్మాయి షరతును తు.చ. తప్పకుండా పాటించింది. ఒకటవ తారీఖున ఆరువేలు నా ఖాతాలో పడేవి, పక్కన 'రెంట్' అన్న మాటతో. గల్లీలో కనపడితే "నమస్తే సార్" అనేది. తలుపు లోపలికి వచ్చి మూడు మెట్లెక్కిన తరువాత "మావయ్యా, కాఫీ తాగారా?" అనేది. ఆ మూడవ మెట్టు దగ్గర పిలుపు మారటం మొదట్లో నాకు తమాషాగా తోచింది. తరువాత అలవాటయింది. అలవాటయిందన్న మాటే ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

2023 అక్టోబరులో ఆమెకు డెంగీ జ్వరం వచ్చింది. అబ్బాయి కంపెనీ పని మీద బెంగుళూరులో ఉన్నాడు. రాత్రి తొమ్మిదింటికి ఆటోలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాను. బీమా కార్డు వాళ్ళ చేతికిచ్చాను. మా వాడి కంపెనీ బీమాలో ఆ సంవత్సరమే ఆమె పేరు చేర్చాడు. పేరు పక్కన 'పార్ట్‌నర్' అని ఉంటుందని నాకు తెలియదు. చేర్చుకొనే కాగితం నా ముందు పెట్టారు. ఒక గడిలో 'రోగికి మీరేమవుతారు?' అని ఉన్నది. పక్కనే మా వీధి చివర మందుల దుకాణం కుర్రవాడు ఎవరికోసమో వచ్చి నిలబడి ఉన్నాడు. నేను కలం తీసి ఇంగ్లీషులో 'ఓనర్' అని వ్రాశాను.

కౌంటరులో కూర్చున్న అమ్మాయి ఆ కాగితం చూసి, బీమా కార్డు చూసి, నన్ను చూసి, "ఓనర్ సంతకం పనికిరాదు సార్. వాళ్ళవాళ్ళు ఎవరైనా రావాలి" అన్నది. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి ఆ మాట వినకుండా ఉండదు. నూటమూడు జ్వరంలో కూడా తల పక్కకు తిప్పుకున్నది. "వస్తున్నారమ్మా" అన్నాను నేను. ఎవరు వస్తారో నాకే తెలియదు. అరగంట తరువాత మా ఆవిడ ఇంటికి తాళం వేసి మరో ఆటోలో వచ్చింది. కాగితం చూసింది. నన్నేమీ అనలేదు. నేను వ్రాసినదాని మీద ఒక గీత పెట్టి, కింద తెలుగులో 'అత్త' అని వ్రాసి సంతకం చేసింది. ఆ కౌంటరు అమ్మాయి తెలుగు పిల్లే. "సరేనమ్మా" అని లోపలికి పంపింది.

2024 సెప్టెంబరులో మా వాణ్ణి కంపెనీవాళ్ళు టొరంటోకు బదిలీ చేశారు. వాడిది సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉద్యోగం, మూడేళ్ళ పర్మిటు. అక్కడ స్థిరపడ్డాక, ఆమెను పిలిపించుకోవటానికి ఓపెన్ వర్క్ పర్మిట్ అనేదొకటి ఉన్నదన్నాడు. ఫలానా యజమాని దగ్గరే అని కట్టుబాటు లేకుండా ఎక్కడైనా ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి అది. భార్యకు లేక భర్తకు ఇస్తారు. పెళ్ళి కాకపోయినా 'కామన్-లా పార్ట్‌నర్' అయితే ఇస్తారు. ఇంతలో 2025 జనవరి 21 నుండి అక్కడి ప్రభుత్వం ఈ అనుమతిని చాలామందికి కుదించింది. విద్యార్థులలో పదహారు నెలలు, అంతకు మించిన మాస్టర్స్ చదువులు, డాక్టరేటు, కొన్ని వృత్తి విద్యలు చదివేవారి భాగస్వాములకు. ఉద్యోగులలో పై రెండు శ్రేణుల వారి భాగస్వాములకు, కింది శ్రేణులలో ఎంపిక చేసిన కొన్ని వృత్తుల వారికి మాత్రమే మిగిల్చింది. ఉద్యోగి పర్మిటులో పదహారు నెలల గడువు మిగిలి ఉండాలన్నది మరో నిబంధన. మా వాడి ఉద్యోగం పై శ్రేణిలోనిదే కనుక ఆ గండం గడిచింది. మిగిలింది, కామన్-లా పార్ట్‌నర్ అని నిరూపించటం.

ఆ మాటకు అర్థమేమిటని నేను వాణ్ణి అడిగాను. కెనడావారి 2002 నాటి నిబంధనలలో నిర్వచనం చిన్నదే. కనీసం ఒక సంవత్సరం పాటు దాంపత్య సంబంధంలో కలిసి నివసించినవారు. ఒక సంవత్సరం నిండిన తరువాత ఉద్యోగం వల్లనో మరొక కారణం చేతనో కొంతకాలం దూరంగా ఉండవలసి వచ్చినా, మళ్ళీ కలిసి ఉండాలన్న ఉద్దేశం ఉంటే ఆ బంధం తెగిపోయినట్లు కాదు. ఇద్దరిలో ఒకరికి పాత పెళ్ళి చట్టరీత్యా ఇంకా మిగిలి ఉన్నా, ఆ కాపురం విచ్ఛిన్నమై, విడిగా ఉంటూ ఇక్కడ ఏడాది కలిసి ఉంటే ఫరవాలేదు. ఇది విన్నప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. మా ఇంటి పరిస్థితిని ఎవరో చూసి వ్రాసినట్లున్నది.

వృత్తిరీత్యా వచ్చిన జాడ్యం కనుక ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. దాంపత్యానికి వారు వాడే 'కాంజుగల్' అనే మాటలో ఉన్నది లాటిను 'జుగుం', అంటే కాడి. మన సంస్కృతపు 'యుగం'కూ అదే కాడి అర్థం, అదే మూలం. ఇద్దరూ ఒక కాడి కింద మెడ పెట్టినవాళ్ళన్నమాట. ఇక 'దంపతులు' అనే మాటకు మన వైయాకరణులు జాయాపతులని చెబుతారు. వేదభాషలో మాత్రం 'దమ్' అంటే ఇల్లు. ఇంటికి అధిపతులైనవారు దంపతులు. పురోహితుడు గాని, తాళి గాని ఈ రెండు మాటలలోనూ లేవు. ఒకదానిలో కాడి ఉన్నది, ఒకదానిలో ఇల్లున్నది. కెనడావారు అడుగుతున్నదీ ఆ రెంటినే.

అడగటం మాత్రం కాగితాల రూపంలో అడుగుతారు. 'స్టాట్యూటరీ డిక్లరేషన్ ఆఫ్ కామన్-లా యూనియన్' అని ఒక పత్రం ఉన్నది. ఫలానా చిరునామాలో ఫలానా తేదీ నుండి కలిసి ఉన్నామని ప్రమాణం చేయాలి. ఇద్దరి పేర్లతో ఇల్లు అద్దెకు తీసుకున్నారా, ఉమ్మడి బ్యాంకు ఖాతా ఉన్నదా, జీవిత బీమాలో ఒకరికొకరు వారసులుగా ఉన్నారా అని అందులో అడుగుతారు. తోడుగా కరెంటు బిల్లులు, ఒకే చిరునామా గల గుర్తింపు కార్డులు, ఫోటోలు, ఎరిగినవారి వాఙ్మూలాలు.

ఒక ఆదివారం ముందు గదిలో చాప పరచి, ఉన్న కాగితాలన్నీ పరిచాము. అబ్బాయి ఫోనులో అక్కడి నుండి చూస్తున్నాడు. కరెంటు మీటరు నా పేర. నీళ్ళ బిల్లు నా పేర. గ్యాసు మా ఆవిడ పేర. మా వాడి ఆధార్ కార్డులో ఈ చిరునామాయే ఉన్నది కాని, పుట్టి పెరిగిన ఇల్లు కనుక అది ఏమీ చెప్పదు. ఆమె ఈ ఇంట్లో ఉన్నదని చెప్పే అధికార పత్రాలు మూడు. మూడూ నేను వ్రాయించిన కిరాయి ఒప్పందాలు. ఆమె ఇక్కడే ఉన్నదని అవి చాటుతున్నాయి. ఏమిగా ఉన్నదంటే, కిరాయిదారుగా. సాక్షి, మా అబ్బాయి. వాటికి తోడు నా బ్యాంకు పుస్తకంలో నెల నెలా 'రెంట్'.

"ఇవి పెడితే మన కేసును మనమే ఓడించుకున్నట్లు నాన్నా. పెట్టకపోతే ఆమె ఇక్కడ ఉన్నదనటానికి ఆధారం లేదు" అన్నాడు వాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. శకుంతల గుర్తుకువచ్చింది. రాక ఏమవుతుంది, ఎన్ని ఏళ్ళు పాఠం చెప్పానో. మన వాళ్ళు చాలామంది శకుంతల అనగానే ఉంగరం అంటారు. ఆ ఉంగరం, ఆ చేప, దుర్వాసుడి శాపం కాళిదాసు కల్పనలు. వ్యాసుడి కథలో ఉంగరం లేదు, నన్నయ కథలోనూ లేదు. గాంధర్వ విధిని పెళ్ళాడిన స్త్రీ, కొడుకును వెంటబెట్టుకొని నిండు సభకు వస్తే, ఆమె చేతిలో చూపటానికి ఏమీ లేదు. తన మాటే ఆధారం. దుష్యంతుడు ఎరుగనంటాడు. ఆకాశవాణి పలికిన తరువాత గాని ఒప్పుకోడు. ఒప్పుకున్నాక చెప్పేదేమిటంటే, తనకు అన్నీ తెలుసును, లోకులు తప్పుగా అనుకుంటారని ఎరుగనన్నాడు. కాళిదాసు దయగలవాడు కనుక రాజుకు మరపు ఇచ్చి కాపాడాడు. భారతంలోని దుష్యంతుడికి మరపు లేదు. ఎరిగి ఎరిగి నిండు సభలో కాదన్నాడు. ఈ తేడాను నల్లబల్ల మీద రెండు వరుసలుగా వ్రాసి పిల్లలకు వివరించినవాణ్ణి, ఆసుపత్రి కౌంటరు దగ్గర ఏమి వ్రాశాను?

మర్నాడు పురానీ హవేలీ కోర్టుల దగ్గర ప్రాక్టీసు చేసే నా పాత శిష్యుడి దగ్గరకు పోయాను. మన చట్టంలో వీళ్ళకేమైనా పేరున్నదా అని అడిగాను. అతడు చెప్పినది నాకు అర్థమైనంతలో ఇది. చాలాకాలం ఆలుమగలుగా కలిసి బ్రతికినవారిని ఆలుమగలుగానే ఊహించవచ్చునని 1872 నాటి సాక్ష్య చట్టంలోని 114వ సెక్షను ఆధారంగా మన కోర్టులు చెబుతూ వచ్చాయి. 2024 జులై 1 నుండి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. 1978లో బద్రీ ప్రసాద్ కేసులో యాభై ఏళ్ళు కాపురం చేసిన జంట పెళ్ళినే ఎవరో ప్రశ్నించారు. అర్ధశతాబ్దం గడిచాక పురోహితుణ్ణి తెచ్చి రుజువు చేయమంటే ఎవరివల్ల అవుతుందని సుప్రీంకోర్టు ఆ వాదాన్ని పక్కన పెట్టింది. 2005 నాటి గృహహింస చట్టం 'వివాహ స్వభావం గల సంబంధం' అనే మాటను తెచ్చింది. దానికి 2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు కొన్ని లక్షణాలు చెప్పింది. ఇద్దరూ పెళ్ళికి అర్హులై, అవివాహితులై ఉండాలి. లోకానికి తాము ఆలుమగలవంటివారమని చూపుకొని ఉండాలి.

"మొదటిదానిలో ఆమె విడాకులు అడ్డం సార్. రెండవదానిలో..." అని ఆగాడు. శిష్యుడు కనుక ఆగాడు. రెండవదానిలో అడ్డం నేను.

అయితే ఇప్పుడు కావలసినది మన చట్టం కాదు, వారి చట్టం. కిరాయి ఒప్పందాలను దాచవద్దన్నాడు. వాటిని పెట్టి, అవి ఎందుకు వ్రాయవలసివచ్చిందో ఇంటి యజమాని ప్రమాణపూర్వకంగా వాఙ్మూలం ఇవ్వాలన్నాడు. అంటే నేను. "ఒక్కటి ఆలోచించండి సార్. వ్యభిచారం నేరమనే 497వ సెక్షనును 2018 సెప్టెంబరులో కొట్టేశారు, ఆ భయం లేదు. కాని విడాకుల వ్యాజ్యంలో అది ఇంకా ఒక కారణమే. మీ అఫిడవిట్ అవతలివాళ్ళ చేతిలో పడితే వాడుకుంటారు. అమ్మాయిని అడగండి" అన్నాడు.

ఇంటికి వచ్చి అడిగాను. నిజం చెప్పాలంటే, ఆమె వద్దంటుందేమోనన్న ఆశ లోపల ఎక్కడో ఉన్నది. వద్దంటే నేను వ్రాయనవసరం లేదు కదా.

ఆమె బియ్యం ఏరుతున్నది. తల ఎత్తకుండానే, "క్రాస్ ఎగ్జామినేషనులో వాళ్ళ వకీలు అడిగాడు మావయ్యా, ఎక్కడ ఉంటున్నావు, ఎవరితో అని. చెప్పాను. పోయిన ఏడాదే. జడ్జిగారి రికార్డులో ఉన్నది" అన్నది.

"మాతో అనలేదేమమ్మా?"

"మీరు బాధపడతారని."

నిండు కోర్టులో, శత్రుపక్షం ముందు చెప్పిన మాటను ఆమె నాకు తెలియకుండా దాచింది. నేనేమో పాలవాడి దగ్గర, మందుల షాపు కుర్రవాడి దగ్గర దాస్తున్నాను.

పాలవాడంటే గుర్తుకువచ్చింది. కాగితాలు వెదుకుతుండగా మా ఆవిడ పాలలెక్కల నోటుబుక్కు బయటపడింది. నలభై ఏళ్ళుగా ఆమెకది అలవాటు. పాలు, కూరలు, చాకలి పద్దు, ఎవరికి ఎంత ఇచ్చినదీ. 2022 జూన్ పేజీలో 'మేడమీది పిల్లలకు అరలీటరు' అని మొదలైంది. ఆ తరువాత నెల నెలా అదే. ఎక్కడా 'కిరాయిదారు' అన్న మాట లేదు. మధ్యలో 'పిల్లలకు కుక్కరు రబ్బరు', 'పిల్లలకు దోమతెర', దీపావళికి 'కోడలికి చీర'. నేను స్టాంపు కాగితాల మీద ఒక కథ వ్రాయించుకుంటున్న రోజులలోనే, అదే ఇంట్లో, రూపాయి పావలా లెక్కల మధ్య ఆమె ఇంకొకటి వ్రాసుకుంటూ పోయింది. ఎవరికో చూపాలని వ్రాసినది కాదు.

దానిలో ముఖ్యమైన పేజీలను, ఆసుపత్రి నుండి తెచ్చుకున్న నకలును పంపుదామన్నాడు అబ్బాయి. తెలుగులో ఉన్నవి కనుక అనువాదం కావాలి. నేను ఉత్సాహపడ్డాను. నా పప్పులు ఉడకలేదు. దరఖాస్తుదారుల కుటుంబ సభ్యులు చేసిన అనువాదం చెల్లదట. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినవాడు తన భార్య వ్రాసిన తెలుగుకు అర్థం చెప్పటానికి పనికిరాడు! బయటి అనువాదకుడికి ఇచ్చాము. రెండు రోజులకు ఆయన ఫోను చేశాడు. "మాస్టారూ, ఆసుపత్రి కాగితంలో 'అత్త' అని ఉంది. మేనత్తా, భర్త తల్లా? ఇంగ్లీషులో రెండూ వేరు వేరు మాటలు."

నిఘంటువు ప్రకారం రెండూనండీ అన్నాను. ఆయన రెండర్థాలూ వ్రాసి, పై గీత కొట్టివేసిన 'ఓనర్'ను కూడా ఉన్నది ఉన్నట్లు చూపుతూ అనువదించాడు. ఆయన చేసినది సరైన పని. ఆ రాత్రి మా ఆవిడను అడిగాను, ఏ అర్థంలో వ్రాశావని. "ఏ అర్థమైతే వాళ్ళు లోపలికి తీసుకుంటారో ఆ అర్థంలో" అన్నది.

బయటివారి వాఙ్మూలం కూడా ఒకటుంటే మంచిదన్నాడు శిష్యుడు. ఎదురింటి హాజీ సాబ్ తప్ప నాకు మరొకరు తోచలేదు. డెబ్బై అయిదు దాటాయి. మా నాన్నగారి కాలం నుండీ ఇరుగుపొరుగులం. ఆయన మనుమరాలికి మా అమ్మాయి సాయంత్రాలు లెక్కలు చెప్పేది. మగ్రిబ్ నమాజు అయ్యాక వెళ్ళి, అరుగు మీద కూర్చొని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, కిరాయి ఒప్పందం నుండి మొదలుపెట్టాను. ఆయన కాసేపు విని చెయ్యి అడ్డం పెట్టాడు.

"మాస్టర్ సాబ్, ఆప్ ఛుపారే థే. హమ్ కైకు పూఛ్‌నా?"

మీరు దాస్తున్నారు, మేమెందుకు అడగాలి అని. తరువాత ఇంకో మాట చెప్పాడు. ప్రతి రంజానుకు వారింటి నుండి మాకు షీర్ ఖుర్మా వస్తుంది. 2023 పండుగ నుండి రెండు గిన్నెలు వచ్చేవి. ఒకటి మాకు, రెండవది, ఇచ్చే పిల్లకు వాళ్ళ నాయనమ్మ ఏమి చెప్పి పంపేదంటే, 'ఊపర్ మియా బీవీకూ' అని. పైన ఉన్న ఆలుమగలకు. ఆ గిన్నెలు నేను చేతులతో అందుకున్నాను. రెండెందుకని ఒక్కసారీ అడగలేదు.

అంటే గల్లీకి మొదటినుండీ తెలుసు. నేను ఎవరికోసం దాచానో వాళ్ళు నాకోసం తెలియనట్లు ఉన్నారు. ఇది తెలిసి ఊరట కలగాలి. నాకు కలగలేదు. రెండేళ్ళపాటు ఆ అమ్మాయి నన్ను 'సార్' అన్నది ఏ ప్రయోజనమూ లేని పనికేనన్న సంగతి మాత్రం బాగా తెలిసింది.

వాఙ్మూలం తెలుగులోనే వ్రాశాను. అనువాదం వాళ్ళే చేసుకుంటారు. పద్యానికి కూడా అన్ని చిత్తుప్రతులు ఎన్నడూ వ్రాయలేదు. మొదటి ప్రతిలో 'సామాజిక పరిస్థితుల దృష్ట్యా' అని వ్రాశాను. శిష్యుడు చదివి, "ఎవరి పరిస్థితులు సార్?" అన్నాడు. కొట్టేసి, 'ఇరుగుపొరుగు, బంధువులు ఏమనుకుంటారోనన్న నా భయం చేత' అని వ్రాశాను. ఆ ఒప్పందాలు పేరుకు మాత్రమేననీ, పై వాటాలో 2022 జూన్ నుండి మా అబ్బాయి, ఆమె ఒకే సంసారంగా ఉన్నారనీ, ఆమె ఇచ్చిన డబ్బును మా ఆవిడ ఇంటి ఖర్చులో వాడక విడిగా దాచినదనీ, ఆసుపత్రి కాగితంలో 'ఓనర్' అని వ్రాసినవాణ్ణి నేనేననీ వ్రాశాను. చివర దరఖాస్తుదారుకు మీరేమవుతారన్న గడి వచ్చింది. ఇంగ్లీషులో మామగారిని 'ఫాదర్-ఇన్-లా' అంటారు కదా, ఆ 'లా' మన దగ్గర లేదు కనుక ఏమి వ్రాయాలా అని శిష్యుడు తల గోక్కున్నాడు. నేను 'మామ' అని వ్రాశాను. మేనమామ అనుకుంటారేమో సార్ అన్నాడు. అనువాదకుడికి ఫోను చేస్తే చెబుతానన్నాను.

నోటరీ ముందు నేను, హాజీ సాబ్, అమ్మాయి ముగ్గురమూ వెళ్ళాము. ఆయన ఉర్దూలో సంతకం చేశాడు, నేను తెలుగులో. నోటరీ ఇద్దరి సంతకాలనూ కళ్ళజోడు సవరించుకొని చూసి ముద్ర వేశాడు. దరఖాస్తు 2025 ఆగస్టులో పంపాము. వేలిముద్రలు కూడా ఇచ్చి వచ్చింది. జవాబు ఇంకా రాలేదు. వస్తుందో, కాదంటారో ఎవరికీ తెలియదు. ఏదైనా ఇక్కడ వ్రాస్తాను.

ఆ రోజు నోటరీ దగ్గర నుండి ఒకే ఆటోలో తిరిగి వచ్చాము. హాజీ సాబ్‌ను చెయ్యి పట్టుకొని దింపి, చిల్లర కోసం నేను జేబులు తడుముకుంటున్నాను. సాయంత్రం నాలుగింటి వేళ. బడి వదిలిన పిల్లలు, మందుల దుకాణం కుర్రవాడు, అరటిపండ్ల బండి, గల్లీ అంతా నిండుగా ఉన్నది. అమ్మాయి అప్పటికే మా గుమ్మం దగ్గరకు చేరింది. అక్కడి నుండి అందరికీ వినపడేటంత గొంతుతో పిలిచింది.

"మావయ్యా, తాళంచెవి మీ దగ్గరుందా?"